సంతకానికి ముందు

కూర్చో కావేరీ.
ఆ కుర్చీ కాస్త పక్కకి ఒరుగుతుంది, భయపడకు,
ఇంతవరకూ పడినవాళ్లు లేరు.
మూడు ఫారాలు, రెండు ఫొటోలు, ఒక క్యాన్సిల్ చేసిన చెక్కు.
రాయదుర్గం మెట్రో దిగి పరుగెత్తుకొచ్చినట్టున్నావు,
మెడలో కొత్త ట్యాగు తిరగబడింది,
నీ ముఖం లోపలికి, బార్‌కోడు బయటికి.

నేను జీతాల సెక్షన్.
ఈ ఆరో అంతస్తులో మనుషుల గురించి నాకు తెలిసినంత
వాళ్ల ఇళ్లలోవాళ్లకీ తెలీదు.
ఎవరికి లోను కింద ఎంత కోత పడుతుందో,
ఇరవయ్యో తారీఖుకే అడ్వాన్సు అడిగేదెవరో.

సెలవుల సంగతి చెప్పాలి.
మార్చి ముప్పై ఒకటి రాత్రి
వాడని సెలవులన్నిటినీ సిస్టమ్ సున్నా చేస్తుంది.
చప్పుడుండదు.
పొద్దున వచ్చి చూస్తే
టెస్టింగ్ టీమ్ ఫణీంద్ర గారివి పంతొమ్మిది రోజులు పోయి ఉంటాయి.
అందులో ఒకటి
వాళ్ల పాప స్కూల్లో తాబేలు వేషం వేసిన రోజు.
ఆయనే చూపించాడు, ఫోన్లో,
ఎవరో తీసి పంపిన వీడియో.

జీతం కాగితం వచ్చినప్పుడు
కింది అంకె ఒక్కటే చూసి మడిచేయకు.
ఇరవై రూపాయల కొత్తిమీరకి బేరమాడే పిల్లవి,
లక్షల ఒప్పందానికి ‘ఓకే సర్’ అంటావా?

రాత్రి పదకొండుకి మెయిలొస్తే
రాత్రి పదకొండుకే జవాబివ్వకు.
మొదటిసారి మెచ్చుకుంటారు.
రెండోసారి నుంచి అది నీ డ్యూటీ.

తెలియనిది తెలియదని చెప్పు,
మొదటి ఆర్నెల్లే ఆ వెసులుబాటు.
గేటు దగ్గర బషీర్ పేరు గుర్తుపెట్టుకో,
మేనేజర్ల పేర్లు ఎలాగూ మర్చిపోనివ్వరు.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు.
నేను చెప్పాల్సింది వేరే ఉంది,
దానికి ముందు కొంచెం నీళ్లు తాగనీ.

నా పక్క సీటు వంశీధర్‌ది.
ఇద్దరం ఒకే వారం చేరాం.
ఒకే పని, ఒకే డిగ్రీ, ఒకే ఏసీ కింద జలుబు.
మంచివాడే, నా డబ్బాలో గోంగూర కోసం
మంగళవారాలు ఎదురుచూసేవాడు.
ప్రతి నెలా అతని జీతం కొట్టింది నా వేళ్లే,
నాదీ నా వేళ్లే.
మధ్యలో తొమ్మిది వేల తేడా.
నెలకి.
పదకొండేళ్లు.
ఎవరి జీతమూ ఎవరికీ చెప్పనని సంతకం చేశాను కదా,
నాకు నేను కూడా చెప్పుకోలేదు.

ఒక జూన్ సాయంత్రం
వానకి బయోడైవర్సిటీ దగ్గర బళ్లన్నీ నిలిచిపోయి
ఎవరం ఇళ్లకి కదల్లేక ఆఫీసులోనే ఉండిపోయాం.
చేసే పనేం లేక, కేబిన్లోకి వెళ్లి అడిగాను.
సారు కోప్పడలేదు, ఆశ్చర్యపోయాడు.
“మీరెప్పుడూ అడగలేదు కదండీ” అన్నాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అబద్ధం, మా అమ్మ అడక్కుండానే పెట్టేది.
అందుకే నాకు అడగడం రాలేదు.
ఇది అమ్మ కాదు కావేరీ, కంపెనీ.

తర్వాత సరిచేశారు. పాతది ఇవ్వలేదు.
ఆ పదకొండేళ్ల లెక్క ఎక్సెల్‌లో ఒకసారి వేశాను,
సేవ్ చేయకుండా మూసేశాను.

అదిగో సైరన్, కంగారుపడకు.
వెనక బండలు పేల్చి కొత్త టవర్ కడుతున్నారు,
రోజూ మూడింటికి కిటికీ ఒకసారి వణుకుతుంది,
వారంలో నీకూ అలవాటైపోతుంది.
అన్నిటికీ మాత్రం అలవాటు పడకు.

నామినీ అన్నచోట పెన్ను ఆపావు.
చాలామంది అక్కడే ఆగుతారు.
చెల్లి పేరా? రాయి, ఎవరూ కాదనరు.

ఈ చివరి పేజీ బాండు.
రెండేళ్లలోపు వెళ్లిపోతే ఎంత కట్టాలో
కింద చీమల్లాంటి అక్షరాల్లో ఉంది.
ఇక్కడొకటి, ఇక్కడొకటి సంతకం.

ఆగు.
ముందు చదువు.

బయట ఇంకా నలుగురున్నారు, ఉండనీ.
వాళ్లకీ ఇదంతా మొదటినుంచి చెప్పాలి.
ఆ నీళ్ల బాటిల్ ఇటివ్వు.